రచ్చకట్ట పంచాయితీ వేరు, కోర్టు మీడియేషన్ వేరు: విడాకుల కేసులో మధ్యవర్తి చేసేదేమిటి, చేయనిదేమిటి

కర్నూలు జిల్లా కోర్టు బయట టీ బంకు దగ్గర ఒక పూట నిలబడితే చాలు, ఇలాంటి మాటలు చెవిన పడతాయి. "మొన్న వాయిదాకి పోతే మీడియేషన్‌కు రాసినారక్కా. మళ్లీ కాపురం చేసుకోమంటారేమో" అని ఒకామె దిగులు. "మన ఊర్లో పంచాయితీ మాదిరే లేమ్మా అది. వాళ్లు చెప్పినదానికి తలూపకపోతే జడ్జికి కోపమొస్తాది, చూసుకో" అని పక్కనున్న పెద్దాయన సలహా. మీడియేషన్ మీద మన సీమ జిల్లాల్లో ఉన్న అపోహలన్నీ దాదాపుగా ఈ రెండు మాటల్లోనే ఇమిడిపోయాయి. విడిపోవాలనుకునే జంటను బలవంతంగా కలపడం అక్కడి పని కాదు. అక్కడ తీర్పు చెప్పేవారూ ఉండరు. ఇక జడ్జికి కోపం సంగతి: ఎవరు ఒప్పుకోక రాజీ చెడిందో ఆయనకు తెలియనే తెలియదు.

ఈ అయోమయం ఈ మధ్య పెరగడానికి ఒక కారణం ఉంది. 2025 జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా 'మీడియేషన్ ఫర్ ది నేషన్' పేరుతో దేశమంతటా 90 రోజుల కార్యక్రమం జరిగింది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ, సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ కలిసి నడిపిన ఆ కార్యక్రమంలో, పెండింగ్‌లో ఉన్న కేసులను తాలూకా స్థాయి కోర్టుల నుంచి కూడా మీడియేషన్‌కు పంపారు. భార్యాభర్తల కేసులు ఆ జాబితాలో ముందున్నాయి. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో ఏళ్లుగా వాయిదాలు తిరుగుతున్నవాళ్లకు ఉన్నట్టుండి కొత్త గది, కొత్త మనిషి, కొత్త పద్ధతి ఎదురైతే టెన్షన్ పడటంలో వింతేముంది?

ఒక్క మాటకు ఇన్ని అర్థాలు

చిక్కు సగం మన భాషలోనే ఉంది. పెళ్లి సంబంధం కుదిర్చినాయన మధ్యవర్తే. పొలం బేరంలో కమీషన్ పుచ్చుకునేవాడూ మధ్యవర్తే. పత్రికలవాళ్లు ఆర్బిట్రేషన్‌నూ మీడియేషన్‌నూ కలిపి 'మధ్యవర్తిత్వం' అనే రాసేస్తారు. కాబట్టి ముందు వీటిని విడదీసుకుందాం.

పంచాయితీలో పెద్దమనుషులు ఇరుపక్షాలూ చెప్పింది విని తీర్పు చెబుతారు. 'ఇంత కట్టు, సామాన్లు వెనక్కియ్యి' అంటారు. దానికి ఊరి కట్టుబాటే బలం. ఆర్బిట్రేషన్ అంటే చట్టప్రకారం ఎంచుకున్న ప్రైవేటు తీర్పరి దగ్గరికి పోవడం. అది ఎక్కువగా వ్యాపార తగాదాలకు సంబంధించినది. పెళ్లి రద్దు చేసే అధికారం ఆర్బిట్రేటర్‌కు ఉండదు. కౌన్సెలింగ్ అంటే చాలావరకు మహిళా పోలీస్ స్టేషన్లో ఇద్దరినీ కూర్చోబెట్టి, కలిసి ఉండగలరేమో చూసే ప్రయత్నం.

లోక్ అదాలత్ దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. 'లోక్ అదాలత్‌లో ఒక్కరోజులో విడాకులు ఇప్పిస్తా' అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. లోక్ అదాలత్‌కు వెళ్లే వైవాహిక వివాదాల నుంచి విడాకులను నిబంధనలే పక్కన పెట్టాయి. మనోవర్తి బకాయి లాంటివి అక్కడ తేలొచ్చు, పెళ్లి రద్దు కాదు.

మీడియేషన్‌లో కూర్చునే వ్యక్తికి తీర్పు చెప్పే అధికారం లేదు. ఎవరిది తప్పో తేల్చడు. ఇద్దరూ ఒక ఒప్పందానికి రావడానికి మాట కలుపుతాడు, అంతే. ఆ ఒప్పందం కలిసి ఉండటానికి కావచ్చు, మర్యాదగా విడిపోవడానికీ కావచ్చు. కోర్టు తరఫున ఈ పని చేసేవాళ్లు సాధారణంగా 40 గంటల శిక్షణ పొందిన లాయర్లు, లేదా న్యాయాధికారులుగా పనిచేసినవాళ్లు. కోర్టు పంపిన మీడియేషన్‌కు కక్షిదారులు ఫీజు కట్టాల్సిన పని లేదు.

చుట్టరికమే అడ్డం వచ్చినప్పుడు

రచ్చకట్టను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. రాత్రికి రాత్రి కొట్లాట ఆపగలిగింది, అలిగిపోయిన కోడలిని సగౌరవంగా తీసుకొచ్చింది చాలా ఊళ్లలో ఆ పెద్దమనుషులే. కానీ మన జిల్లాల్లో పెళ్లిళ్ల తీరు చూడండి. మేనరికాలు ఎక్కువ. మేనత్త కొడుకునో మేనమామనో చేసుకున్న అమ్మాయికి అత్తగారు సొంత మేనత్తో సొంత అవ్వో అవుతుంది. ఆ కాపురం చెడితే భార్యాభర్తలతో పాటు ఒక అన్నాచెల్లెలూ విడిపోతారు. కుండమార్పిడి పెళ్లిళ్లలో ఇంకా కష్టం. ఇక్కడ ఈ జంట విడిపోతే, 'మా పిల్లనీ తోలుకొస్తాం' అని అక్కడ బాగున్న కాపురాన్ని కూడా కదిలిస్తారు.

ఇలాంటి చోట పంచాయితీ చేసే పెద్దాయన ఇద్దరికీ చుట్టమే. రేపు శుభకార్యానికి ఇద్దరింటికీ పోవాల్సినవాడు. అందుకే ఆయన తీర్పు చాలాసార్లు బంధుత్వం కాపాడే తీర్పు అవుతుంది. విడిపోయే ఇద్దరికి ఏం కావాలో అందులో వెనక్కి పోతుంది. పైగా పంచాయితీ నలుగురిలో జరుగుతుంది. నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం పరువు సమస్య. మూసిన తలుపుల వెనక పరాయి మనిషి ముందు 'పోనీలెండి, ఆ మాట వదిలేస్తా' అనడం తేలిక. మీడియేషన్‌కున్న ప్రధాన బలం ఇదేనని నాకనిపిస్తుంది. చట్టం పుస్తకాల్లో ఇది ఇంత సూటిగా రాసి ఉండదు.

మరో తేడా కాగితం విలువ. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ఇకనుంచి మాకూ మీకూ సంబంధం లేదు' అని రాసుకుని, సాక్షి సంతకాలు పెట్టించి, విడాకులైపోయాయనుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏదైనా కులంలో విడాకుల ఆచారం అనాదిగా ఉందని రుజువు చేయగలిగితే తప్ప, హిందూ వివాహ చట్టం కింద ఆ కాగితం చెల్లదు. దాన్ని నమ్ముకుని ఇంకో పెళ్లి చేసుకుంటే మొదటి పెళ్లి చట్టం దృష్టిలో బతికే ఉంటుంది. రెండో పెళ్లి నేరమవుతుంది.

తలుపు మూశాక ఏం జరుగుతుంది

దారి సాధారణంగా ఇలా ఉంటుంది. ఒకరు విడాకులకు గానీ, కాపురానికి రప్పించమని గానీ ఓపీ (ఒరిజినల్ పిటిషన్, అంటే కోర్టులో వేసే దరఖాస్తు) వేస్తారు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. రాజీకి వీలుందేమో చూడటం 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, 9వ సెక్షన్ కింద జడ్జి బాధ్యత. అందుకే కేసు మీడియేషన్ సెంటరుకు వెళుతుంది. 2013లో కె.శ్రీనివాసరావు, డి.ఎ.దీప కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీలే. వైవాహిక కేసులను మొదట్లోనే మీడియేషన్‌కు పంపాలనీ, కేసు వేయకముందే వచ్చేవాళ్ల కోసం మీడియేషన్ సెంటర్లలో ప్రత్యేక విభాగం ఉండాలనీ ఆదేశించింది. అంటే ఓపీ వేయకుండానే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అక్కడే దొరుకుతుంది. ఫోన్ చేయాలంటే 15100.

గదిలో మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు. లాయర్లూ ఉండొచ్చు, కానీ మాట్లాడాల్సింది భార్యాభర్తలే. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. అసలు సంగతులు బయటపడేది ఇక్కడే. అమ్మానాన్నల ముందు నోరు విప్పని కొడుకు, అన్నల ముందు మాట్లాడలేని చెల్లెలు తమకు నిజంగా ఏం కావాలో అప్పుడు చెబుతారు. విడిగా చెప్పిన దాన్ని వారి అనుమతి లేకుండా రెండో పక్షానికి మీడియేటర్ చెప్పకూడదు.

కోర్టుకూ చెప్పకూడదు. 2010లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది: రాజీ కుదిరితే ఒప్పందం పంపాలి, కుదరకపోతే 'కుదరలేదు' అన్న ఒక్క మాట పంపాలి. ఎవరు ఎంత అడిగారు, ఎవరు మొండికేశారు అన్న వివరాలు రాయకూడదు. ఉదాహరణకు, నంద్యాలలో తనకు నెలకు 20 వేల అద్దె వచ్చే ఇల్లుందని భర్త మీడియేషన్‌లో ఒప్పుకున్నాడనుకోండి. రాజీ చెడ్డాక 'ఆయనే చెప్పాడండీ' అని భార్య తరఫు లాయరు కోర్టులో ఎత్తకూడదు. అయితే ఆ ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలను వేరేగా సంపాదించి చూపడానికి అడ్డేమీ లేదు. పైగా 2020లో రజనేష్, నేహా కేసు తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాల వివరాలతో అఫిడవిట్ వేయాల్సిందే. దాచి గెలవడం కొంచెం కష్టమైంది.

12 లక్షలకూ 40 లక్షలకూ మధ్య

ఇప్పుడొక ఊహా ఉదాహరణ. అనంతపురం అమ్మాయి సుజాత, బెంగళూరులో ఉద్యోగం చేసే రమేష్. ఎనిమిదేళ్ల పాప. రమేష్‌కు నెలకు చేతికొచ్చేది 70 వేలు. సుజాత పుట్టింట్లో ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది, జీతం 14 వేలు. ఊరి శివార్లలో ఇద్దరి పేరు మీదా కొన్న ఐదు సెంట్ల స్థలం ఉంది, విలువ సుమారు 15 లక్షలు. పుట్టింటివాళ్లు పెట్టిన 20 తులాల బంగారం అత్తగారి లాకర్లో ఉంది. విడిపోవాలన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా డబ్బు దగ్గరే. ఆమె 40 లక్షలు అడిగింది. అతను 12 లక్షలకు మించి కుదరదన్నాడు.

పంచాయితీలో అయితే బేరం మధ్యకు తెగుతుంది: 26 లక్షలు. అంత సొమ్ము రమేష్ దగ్గర లేదు. పరువు కోసం ఒప్పుకుంటాడు, మొదటి విడత ఇస్తాడు, తర్వాత ఫోన్ ఎత్తడు. మన ఊళ్లలో మనం చూడని కథేం కాదు.

మీడియేటర్ అడిగేది ఎంత అని కాదు, ఎందుకు అని. 40 ఎందుకమ్మా? సుజాత విడిగా చెప్పింది: అన్నా వదినల ఇంట్లో ఎన్నాళ్లుంటాను, తలదాచుకోను నాకంటూ గూడు కావాలి, పాప చదువు ఆగకూడదు. 12 ఎందుకప్పా? రమేష్ చెప్పింది: అప్పు పుట్టేది అంతే. అంతకంటే ముఖ్యంగా, చేతికి పెద్ద మొత్తమిస్తే బావమరుదులు వ్యాపారంలో పెట్టేస్తారు, పాపకు మిగలదని భయం. ఇద్దరి భయాలూ ఇలా బయటికొచ్చాక అసలు లెక్క మొదలవుతుంది.

ముందు బంగారం సంగతి. అది స్త్రీధనం, చట్టప్రకారం ఆమెదే. దాన్ని వెనక్కివ్వడం భర్త చేసే ఉపకారం కాదు, కాబట్టి బేరంలో కలపకూడదు. మొదటి మోషన్ (విడాకులకు ఇద్దరూ కలిసి కోర్టులో దరఖాస్తు వేయడం) రోజే తూకం వేసి అప్పగించాలని రాసుకున్నారు. స్థలంలో తన సగం వాటాను రమేష్ ఆమెకు రాసివ్వాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు అతనిదే. (ఈ చిన్న వాక్యం రాయకపోవడం వల్ల ఏళ్ల తరబడి నిలిచిపోయే ఒప్పందాలుంటాయి.) నగదు 9 లక్షలు, మూడు విడతల్లో: మొదటి మోషన్ రోజు 3, మూడు నెలలకు 3, రెండో మోషన్ రోజు జడ్జి ముందు డీడీ రూపంలో 3. పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా నెలకు 8 వేలు, ఏటా 5 శాతం పెంపు. అది పాప పేరు మీది ఖాతాకే జమ.

పాప లెక్క వేసి చూడండి. మొదటి ఏడు 96 వేలు. ఏటా 5 శాతం పెరిగితే పదో ఏటికి నెలకు సుమారు 12,400 అవుతుంది. పదేళ్ల మొత్తం 12 లక్షల పైచిలుకు. సుజాత వైపు నుంచి చూస్తే స్థలం 15, నగదు 9, పాపకు 12, వెరసి 36 లక్షలు. తను అడిగిన 40కి దగ్గరే. రమేష్ వైపు నుంచి చూస్తే అప్పు చేయాల్సింది 9 లక్షలే, తను ఒప్పుకున్న 12 కన్నా తక్కువ. స్థలంలో అతను వదులుకున్నది ఏడున్నర లక్షల వాటా. పాప డబ్బు నెల నెలా జీతంలోంచి పోతుంది. 26 లక్షల దగ్గర తెగే బేరంలో ఇద్దరూ ఓడిపోయినట్టే ఉండేది. అన్ని కేసులూ ఇంత అందంగా కుదరవు. పంచడానికి స్థలమే లేనప్పుడు, అతనికి ఉద్యోగమే పోయినప్పుడు మీడియేటర్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. పిల్లల పోషణ హక్కు పిల్లలది. 'పాపకు ఏమీ అడగను' అని తల్లి సంతకం పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలి, ఎప్పుడు చూడాలి అన్న షరతులు కూడా శాశ్వతం కావు. పరిస్థితి మారితే కోర్టు మార్చగలదు.

సంతకం పెట్టిన రోజే విడాకులు రావు

మీడియేషన్ సెంటరులో ఒప్పందం మీద సంతకాలయ్యాక 'అయిపోయింది' అని స్వీట్లు పంచినవాళ్లున్నారు. అప్పటికి కుదిరింది షరతులు మాత్రమే. పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ ఒక్కటే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. దీన్నే మొదటి మోషన్ అంటారు. అప్పటికే కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. విడిగా అంటే వేరే ఊళ్లోనే ఉండాలని లేదు. ఒకే కప్పు కింద భార్యాభర్తలుగా కాకుండా ఉన్నా సరిపోతుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆరు నెలలు ఆగాక, 18 నెలల లోపు రెండో మోషన్. అప్పుడు జడ్జి ఇద్దరినీ అడుగుతారు: ఇష్టపూర్వకంగానేనా, ఒత్తిడి ఏమైనా ఉందా అని.

ఆ ఆరు నెలలూ తప్పనిసరా? 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 'కొన్ని పరిస్థితుల్లో తప్పనిసరి కాదు' అంది. మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండటం, రాజీ ప్రయత్నాలు విఫలమవడం, భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోవడం, ఇంకా ఆపితే బాధ పెరగడమే తప్ప ఫలితం లేకపోవడం ఆ పరిస్థితులు. ఒక జంట 2024 జనవరి 10 నుంచి విడిగా ఉంటూ 2025 జూలై 15న దరఖాస్తు వేస్తే ఏడాదిన్నర దాటింది, మినహాయింపు అడగొచ్చు. అదే 2024 జూన్ 10న విడిపోయి అదే రోజు వేస్తే 13 నెలలే అయింది, మామూలుగా 2026 జనవరి 15 దాకా ఆగాల్సి వస్తుంది. ఈ షరతులు రాతిలో చెక్కినవి కావనీ, జడ్జి కేసును బట్టి చూడొచ్చనీ 2021లో ఇంకో తీర్పు వచ్చింది. అయినా మినహాయింపు ఇవ్వడం మానడం జడ్జి ఇష్టం, కక్షిదారుల హక్కు కాదు.

ఈ నడిమధ్య కాలమే ప్రమాదకరం. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని 1991 నాటి ఆ తీర్పే చెప్పింది. రెండు విడతల డబ్బు తీసుకుని రెండో మోషన్‌కు రాకపోతే? విడాకులు ఒప్పుకోమని ఆమెను బలవంతపెట్టలేరు. కానీ కోర్టుకు ఇచ్చిన హామీని తప్పితే కోర్టు ధిక్కారం కింద చర్య ఉండొచ్చని ఢిల్లీ హైకోర్టు 2018లో అంది. అనుభవమున్న లాయర్లు విడతలను మోషన్లకు ముడిపెట్టేది అందుకే. మొత్తం డబ్బు ముందే ఇచ్చినవాడూ, డిక్రీ అయ్యాక తీసుకుంటానన్న ఆమే ఒకేలా రిస్కులో పడతారు.

ఒకసారి సమ్మతి మీద డిక్రీ వచ్చాక ఫ్యామిలీ కోర్టు చట్టం ప్రకారం దాని మీద అప్పీలు లేదు. ఏళ్ల తరబడి అప్పీళ్లలో నలిగినవాళ్లకు ఇది పెద్ద ఊరట.

498 కేసు, మనోవర్తి, డీవీసీ: అన్నీ ఒకే మూటలో

మన దగ్గర విడాకుల కేసు ఒంటరిగా ఉండటం అరుదు. ఓపీతో పాటు మనోవర్తి కేసు, గృహహింస చట్టం కింద డీవీసీ, పోలీసు స్టేషన్లో 498ఏ (భర్త, అత్తింటివాళ్లు వేధించారన్న క్రిమినల్ కేసు). ఒప్పందంలో ఒక్కటి రాయడం మరిచినా అది తర్వాత తోక ఊపుతుంది. మిగతావి ఉపసంహరించుకోవడం తేలికే. 498ఏ దగ్గరే చిక్కు.

కేంద్ర చట్టం ప్రకారం అది రాజీకి వీలున్న నేరం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణతో మన రాష్ట్రంలో కోర్టు అనుమతిస్తే రాజీ పడే వీలు వచ్చింది. దరఖాస్తు చేశాక కనీసం మూడు నెలలు ఆగాలి, ఆలోగా ఎవరూ మనసు మార్చుకోకూడదు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు కొత్త భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వర్తిస్తాయి. కేంద్రం రాసిన కొత్త పట్టికలోనూ ఇది రాజీకి వీలున్న నేరాల్లో లేదు. అలాంటప్పుడు ఒప్పందం కాగితం పట్టుకుని హైకోర్టులో కేసు కొట్టేయించుకోవడమే దారి. భార్యాభర్తలు నిజంగా రాజీపడితే హైకోర్టు అలా చేయొచ్చని 2003 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

రాజీ ఎవరికి లాభం?

దీని మీద అభిప్రాయాలు చీలిపోయి ఉన్నాయి, చీలికకు కారణాలూ ఉన్నాయి.

మహిళల హక్కుల కోసం పనిచేసేవాళ్ల అభ్యంతరం చిన్నది కాదు. దెబ్బలు తిన్న మనిషిని, కొట్టిన మనిషిని ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి 'మాట్లాడుకోండి' అంటే అది సమానుల మధ్య మాట ఎలా అవుతుంది? హింస కాస్తా 'చిన్న మనస్పర్థ'గా మారిపోతుంది. 'ఎంతోకొంత తీసుకుని వదిలించుకో తల్లీ' అని పుట్టింటివాళ్లే ఒత్తిడి చేస్తారు. కొందరు భర్తల ఫిర్యాదు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది: ముసలి తల్లిదండ్రుల పేర్లతో సహా 498 పెట్టి, ఆ భయం చూపి మొత్తాన్ని పెంచుతున్నారని. లాయర్లలో, జడ్జీలలో చాలామంది ఇంకో కోణం నుంచి చెబుతారు. కోర్టులో గెలిచిన మనోవర్తి ఉత్తర్వును రాబట్టుకోవడానికి మళ్లీ పిటిషన్, మళ్లీ వారంటు. తనే ఒప్పుకుని సంతకం పెట్టిన మొత్తాన్ని మనిషి కట్టే అవకాశం ఎక్కువ అని.

నాకు అర్థమైనంతలో ఈ గొడవ మీడియేషన్ మంచిదా చెడ్డదా అన్న దగ్గర తేలదు. గదిలో ఉన్న ఇద్దరూ 'ఒద్దు' అనగలరా లేదా అన్న దగ్గర తేలుతుంది. రేపటి బియ్యానికి డబ్బుల్లేని మనిషి పెట్టే సంతకం ఆకలి పెట్టిన సంతకం. అందుకే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర మనోవర్తికి ముందే దరఖాస్తు చేసుకున్న మనిషి మీడియేషన్ గదిలో నిలబడే తీరు వేరుగా ఉంటుంది. వీలైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టమే అంటోంది. మీడియేషన్ నడుస్తున్నంత మాత్రాన గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగకూడదని ఎక్కడా లేదు. ఎదురెదురుగా కూర్చోవడానికి భయమైతే విడిగానే మాట్లాడతానని అడగొచ్చు, మధ్యలో లేచి వచ్చేయొచ్చు. పిల్లల మీద లైంగిక దాడి లాంటివి మాత్రం ఏ రాజీ బల్ల మీదకీ రావు.

2023లో పార్లమెంటు ప్రత్యేకంగా మీడియేషన్ చట్టం చేసింది. అయితే ఆ ఏడాది అక్టోబరు 9న కొన్ని సెక్షన్లు మాత్రమే అమల్లోకి తెచ్చారు.

కడప ముస్లిం కుటుంబాల్లో, క్రైస్తవ కుటుంబాల్లో

కడప, కర్నూలు పట్టణాల్లో ముస్లిం జనాభా ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న వస్తుంటుంది: మాకూ మీడియేషన్ వర్తిస్తుందా? ఫ్యామిలీ కోర్టు అన్ని మతాల వాళ్లదీ. నిజానికి ఇరువైపుల నుంచీ ఒక్కో పెద్దను పెట్టి రాజీ ప్రయత్నం చేయడం ఖురాన్‌లోనే ఉంది. ఆ ప్రయత్నం జరగకుండా, సరైన కారణం లేకుండా చెప్పిన తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో చెప్పింది. ఒకేసారి మూడుసార్లు చెప్పే తలాక్‌ను 2019 చట్టం నేరం చేసింది. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే ముబారత్ పద్ధతి ఉంది. మెహర్ (నిఖా నాడు భార్యకు ఇస్తానని భర్త ఒప్పుకున్న సొమ్ము), ఇద్దత్ కాలం (విడిపోయాక భార్య మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన గడువు) ఖర్చు, పిల్లల సంగతి మీడియేషన్‌లో రాసుకుని, విడిపోయినట్టు ఫ్యామిలీ కోర్టు నుంచి డిక్లరేషన్ తెచ్చుకుంటే పాస్‌పోర్టు దగ్గరా రెండో నిఖా దగ్గరా ఇబ్బంది ఉండదు. క్రైస్తవులకు 1869 నాటి చట్టంలో 2001లో పరస్పర సమ్మతి విడాకులు చేర్చారు. కాకపోతే చట్టం రాతలో ఉన్నది ఏడాది కాదు, రెండేళ్ల ఎడబాటు.

భర్త కువైట్‌లో ఉంటే

రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్ల కేసుల్లో ఇదే మొదటి ప్రశ్న. ప్రతి వాయిదాకూ విమానం ఎక్కి రావాలా? సమ్మతి విడాకుల్లో రాలేని పరిస్థితి ఉంటే వీడియో కాన్ఫరెన్సు వాడొచ్చనీ, తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువు ద్వారా హాజరు కావడానికి అనుమతించొచ్చనీ అమర్‌దీప్ సింగ్ తీర్పులోనే ఉంది. అదే ఏడాది సంతిని కేసులో మాత్రం సుప్రీంకోర్టు మెజారిటీ జాగ్రత్త చెప్పింది. రాజీ ప్రయత్నాల దశలో మనుషులు ఎదురుగా ఉండటమే మేలనీ, అది విఫలమయ్యాక ఇద్దరూ కోరితే వీడియోకు వెళ్లొచ్చనీ అంది.

తెర మీద ముఖం కనిపిస్తుంది గానీ, ఆ గదిలో పక్కన ఎవరు కూర్చున్నారో కనిపించదు. అటు వైపు అన్న కూర్చుని సైగ చేస్తున్నాడేమో, ఇటు వైపు అమ్మ చెంగుతో కళ్లొత్తుకుంటూ నిలబడి ఉందేమో. అందుకే ఇలాంటి కేసుల్లో అతను సెలవు మీద వచ్చిన పదిహేను ఇరవై రోజుల్లోనే రెండు మూడు సిట్టింగులు వరుసగా పెట్టించుకోవడం మేలు. అతను తిరిగి వెళ్లకముందే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, బ్యాంకు ఖాతా వివరాలు, పిల్లాడితో ఏ రోజు ఎన్ని గంటలకు ఫోన్ మాట్లాడాలన్న సంగతి కూడా కాగితం మీదకు రావాలి. ఫోన్ వేళ దగ్గర కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుందని గుర్తుపెట్టుకుని రాసుకోవాలి. లేకపోతే అతను డ్యూటీ దిగి ఫోన్ చేసే సరికి ఇక్కడ పిల్లాడు నిద్రపోయి ఉంటాడు.